అన్నం వండే వేళకే కనిపించిన పడవ

మా మరిడమ్మత్త ప్రభుత్వం పెట్టిన పెట్టె మీద అన్నం దేకిసా బోర్లించిన మాట నిజమే. ఆ తరువాత జనం చెప్పుకుంటున్న వాటిలో మాత్రం సగం అబద్ధాలు. "చదువురాని మత్స్యకార మహిళ అమాయకత్వం" అని ఒక పేపరువాడు రాశాడు. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. అమాయకురాలట! మా నీలమ్మపేటలో ఆవిడతో ఒక్కసారి చేపల బేరం ఆడినవాడెవడూ ఆ మాట అనడు. ఒంటి మీద లుంగీతో ఇంటికి పోతే అదే గొప్ప. అందుకే జరిగింది జరిగినట్టు నేనే చెబుతున్నాను. నా పేరు రాణి. మరిడమ్మ మా నాన్నకి సొంత అక్క. మా ఊరి సచివాలయంలో మత్స్యశాఖ సహాయకురాలిని నేను. ప్రభుత్వం మాటలు ఊరికి మోయడం, ఊరి తిట్లు ప్రభుత్వానికి మోయడం నా ఉద్యోగం. ఆ పెట్టె బిగించిన రోజు పక్కనే నిలబడ్డదాన్ని కూడా నేనే.

మా అత్త మనిషి పొట్టి, గొంతు పొడుగు. రేవులో వేలంపాట మొదలెడితే కాకులు కూడా ఆగి వింటాయని గంగులు మావ అంటాడు. గంగులు మావ ఆవిడ మొగుడు. ఆయన నోరు విప్పడం అరుదు. పెళ్ళైన కొత్తలో బాగానే మాట్లాడేవాడట, తరువాత అవసరం రాలేదట. వాళ్ళకో ఫైబరు పడవ, ఇంజనుతో నడిచేది. నీటి మీద మావ మాట, ఒడ్డెక్కాక అత్త మాట. చేప ఎవరికి అమ్మాలి, ఎంతకి అమ్మాలి, ఎవణ్ణి ఏమని తిట్టాలి అన్నవన్నీ అత్త చూసుకుంటుంది.

తిత్లీ తుపానుకి వాళ్ళ పాత పడవ నడిమికి విరిగింది. చూడ్డానికొచ్చిన ఆఫీసరు, సగమే విరిగింది కాబట్టి పూర్తిగా పోయినట్టు రాయలేనన్నాడు. అత్త ఆ పడవలో బాగున్న సగాన్ని ట్రాక్టరు మీదకెక్కించి నేరుగా ఆయన ఆఫీసు వాకిట్లో దింపించింది. "మిగిలిన సగం బాగున్నాదన్నారు గదా బాబూ, ఎక్కండి. సముద్రందాకా నేనే తోస్తాను" అంది. ఆయన పూర్తిగా పోయినట్టే రాశాడు. మా అత్త బతుకంతా ఇలాగే. ఒక్కసారి కాదంటే ఇక కాదు.

ఇప్పుడు మావాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. అది తెలియకపోతే దేకిసా సంగతి అర్థం కాదు. సముద్రంలో చేప దొరికే చోటు మేము ఎవరికీ చెప్పం. ఎవరినీ అడగం కూడా, అడగడమే తప్పు. నీటి మీద గీతలుండవు కాబట్టి చోటుని ఒడ్డుని చూసి గుర్తుపడతారు. ఫలానా కొండ కొమ్ము ఫలానా తాటితోపు నెత్తి మీదికి రావాలి. ఇంకో పక్క ఇంకో రెండు గుర్తులు కలవాలి. ఆ రెండు వరసలూ కలిసిన చోట నీటి అడుగున రాళ్ళదిబ్బ ఉంటుంది, దాని చుట్టూ కోనాం చేప తిరుగుతుంది. ఏ కొండో ఏ తాళ్ళో నన్నడగకండి, నాకు తెలీదు. తెలిసినా చెప్పను. గంగులు మావకి అలాంటి చోట్లు రెండున్నాయి, రెండూ వాళ్ళ నాన్న చూపించినవి. ఇల్లరికం వచ్చిన అల్లుడు వినోద్‌కి కూడా రెండో బిడ్డ పుట్టేదాకా వాటిని చూపించలేదు. మావకి లక్ష్ముడని చిన్నాన్న కొడుకు ఉన్నాడు. వాడు ఒకసారి తన పడవలో దూరం నుంచి వీళ్ళ వెంటపడ్డాడు. ఆ సాయంత్రం అత్త రేవులో నిలబడి లక్ష్ముడి ఏడు తరాలనీ కడిగేసింది. అప్పట్నుంచి ఆ రెండిళ్ళకీ చావుకి తప్ప మాటల్లేవు. తప్పు లక్ష్ముడిదే. మావాళ్ళలో ఒకడి చోటు తెలుసుకోవాలనుకోవడం వాడింటి పెట్టె తాళం తీయడంతో సమానం.

అటువంటి ఊరికి ప్రభుత్వం పెట్టె పంపించింది.

రేవులో షామియానా వేసి మీటింగు పెట్టారు. మా మత్స్యశాఖ జిల్లా అధికారి జగన్నాధం గారు వచ్చారు. మెరైన్ పోలీసులొచ్చారు. కేంద్ర వాణిజ్య శాఖ కింద, చేపల ఎగుమతులు చూసే ఆఫీసు నుంచి అరుణశ్రీ గారని ఒకావిడ వచ్చింది. వయసులో చిన్నదే, శృంగవరపుకోట పిల్ల. చెప్పింది కూడా విప్పి చెప్పింది. పై దేశాలవాళ్ళు చేప కొనాలంటే అది ఎక్కడ పట్టారో కాగితం అడుగుతున్నారనీ, ఆ కాగితం తమ ఆఫీసు ఇస్తుందనీ, పడవకి ఈ పెట్టె ఉంటే ఎక్కడ పట్టారో దానంతటదే తెలుస్తుందనీ అంది. పెట్టె లేని పడవ చేపని రేపటి నుంచి కంపెనీలు ఎగుమతికి తీసుకోవంది. పోలీసులు భద్రత సంగతి చెప్పారు. పడవ సరిహద్దు వైపు పోతుంటే పెట్టె హెచ్చరిస్తుంది, తుపాను కబురు సముద్రం నడిమికొస్తుంది, ఆపదొస్తే మీట నొక్కితే ఒడ్డున తెలుస్తుంది. 

అందరూ గుసగుసలాడుతుంటే అత్త లేచింది.

"అమ్మా, ఈ పెట్టె మా పడవని ఎవులికి సూపిస్తాది?"

"ప్రభుత్వానికేనమ్మా" అంది అరుణశ్రీ గారు.

"పెబుత్వానికే గదా? ఇంకెవులికీ కాదు గదా? అయితే నా పడవకే ముందు బిగించీయండి."

ఊరు నోరెళ్ళబెట్టింది. మొట్టమొదటి పెట్టె బిగించుకున్నది మా అత్త పడవే. దానికి పసుపు రాసి, కుంకం బొట్టు కూడా పెట్టింది. ఆవిణ్ణి చూసి మిగతావాళ్ళు బిగించుకున్నారు. ఈ సంగతి ఏ పేపరువాడూ రాయలేదు.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఒకరోజు చేపలు తూకం వేసుకోవడానికి చినబాబు వచ్చాడు. నరసన్నపేటలో ఉంటాడు, ఎగుమతి కంపెనీకి ఏజెంటు. మనిషి చెడ్డవాడు కాదు గానీ నోట్లో నువ్వుగింజ నానదు. తూకం అయ్యాక ఫోను తీసి అత్త ముందు పెట్టాడు.

"పిన్నీ, మీ పడవ మొన్నా నిన్నా ఒకే కాడ ఆగినాది. ఇదిగో, సూడు. ఇక్కడ కోనాం బాగున్నాదేటి?"

అత్తకి చదువు రాదు, కానీ తను పుట్టి పెరిగిన తీరం ఒంపులు తెలుసు. నీలం రంగు మీద ఒక ఆకుపచ్చ చుక్క. అది ఎక్కడుందో చూసేసరికి ఆవిడ మొహం మాడిపోయింది.

"ఇది నీ ఫోన్లోకి ఎలగొచ్చినాది?"

"కాగితాల కోసమని కంపెనీకి సూపిస్తన్నారు పిన్నీ. నీ ఒక్కదాన్దే కాదు, అందరి పడవలూ కనిపిస్తాయి" అన్నాడు వాడు, ఏదో గొప్ప వింత చూపిస్తున్నట్టు సంబరంగా.

అత్త ఖాళీ గంప ఎత్తుకుని ఇంటికి నడిచింది. మా అత్త ఏమీ అనలేదంటే భయపడాలని చినబాబుకి తెలీదు, పాపం.

ఆ వారం తిరక్కుండానే పెద్ద బోట్లు వచ్చాయి. వలని నేల మీద ఈడ్చుకుంటూ పోయే రకం, కంపెనీకి చేప పోసేవి. గంగులు మావ వెళ్ళేసరికి అవి సరిగ్గా ఆ రాళ్ళదిబ్బ చుట్టూ అడుగంటా గీకేస్తున్నాయి. మావ వేసిన వల వాటికి చిక్కి చీలికలైంది. తాతల నాటి నుంచి మూడో కంటికి తెలియని చోటు! ఒడ్డెక్కి మావ రెండే ముక్కలన్నాడు. "సోటు పోనాది." అత్త ఇసుకలో కూలబడి ఏడ్చింది. తుపానుకి ఇంటి కప్పు లేచిపోయిన రోజు కూడా ఆవిడ ఏడవడం నేను చూడలేదు. ఆ రోజు చూశాను. నేను దగ్గరుండి బిగింపించిన పెట్టె కదా అది.

ఇక మిగిలింది ఒక్కటే చోటు. అది కూడా పోతే వాళ్ళు పడవ అమ్ముకుని ఎవరి పడవలోనో కూలికెళ్ళాలి.

ఫోను తడవకుండా మావాళ్ళు పడవలో రేకు డబ్బాలో పెట్టుకుంటారు. మూత బిగిస్తే అది మోగదు, ఆ సంగతి చిన్నపిల్లలకి కూడా తెలుసు. అత్త అక్కణ్ణుంచి ఆలోచించింది. పడవలో అన్నం వండే పెద్ద అల్యూమినియం దేకిసా తీసి, కర్రకి బిగించిన ఆ పెట్టె మీద బోర్లించి, తాడుతో కట్టించింది. వినోద్ చేత చినబాబుకి ఫోను చేయించి, మాటల్లో పెట్టి, "మా పడవ కనిపిస్తన్నాదా బావా?" అని అడిగించింది. లేదన్నాడు వాడు. 

అయితే పడవలో ఉన్న పెద్ద దేకిసా అదొక్కటే. మనుషులు ఆరుగురు, ఒక్కోసారి రెండు మూడు రోజులు నీళ్ళ మీదే ఉంటారు. గాలి తిని బతకలేరు కదా! వండుకోవాలంటే దేకిసా తీయాలి. అందుకని అత్త గట్టిగా చెప్పింది. "సోటు కాడ పొయ్యి ఎలిగించొద్దు. దూరంగా పోయి, పూటకో పక్క వండుకోండి." తెలివైనదాన్నని అనుకుంది. ఇంకో దేకిసా కొంటే పోయేదానికి ఈ తెలివేమిటని తరువాత నేనే తిట్టాను.

అవతల కోస్టుగార్డు వాళ్ళ తెర మీద ఏం కనిపించిందో చూడండి. ఒక పడవ నీలమ్మపేట నుంచి బయల్దేరుతుంది, మాయమైపోతుంది. పొద్దున ఒకసారి ఎక్కడో ఉత్తరాన తాబేలు తల ఎత్తినట్టు పైకి తేలుతుంది, అన్నం ఉడికేంతసేపు ఉండి మళ్ళీ మునుగుతుంది. సాయంత్రం వంటవేళకి తూర్పున తేలుతుంది. మర్నాడు ఇంకో చోట. ఎవరికైనా అనుమానం రాదూ? వాళ్ళని తప్పు పట్టను. ఒకరోజు పెద్ద ఓడ ఒకటి వచ్చి గంగులు మావ పడవకి అడ్డం నిలిచింది. ఎక్కి వెతికితే ఐసు, చేప, సగం ఉడికిన అన్నం దొరికాయి. పడవని ఒడ్డుకి తెచ్చి మెరైన్ పోలీసులకి అప్పజెప్పారు. 

కబురు తెలిసి నేను స్టేషనుకి పరిగెత్తేసరికి ఇన్‌స్పెక్టరు గారు మావని అడుగుతున్నారు.

"పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎవరికి సంకేతం ఇస్తున్నారు?"

"ఎవులికీ లేదు బాబూ. అన్నం వండుకుంటన్నాం."

"పూటకో చోటెందుకు?"

మావ నోరు మూసుకున్నాడు. చోటు సంగతి వస్తే ఆయన దేవుడడిగినా చెప్పడు.

"ఆ వేళలో ఎవరిని కలుస్తున్నారు?"

"సెప్పినాను గద బాబూ. అన్నమే. ఒక్కోపాలి సేపల పులుసు కూడా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. దేకిసా బోర్లించింది అత్తేనని తేలాక మనుషుల్ని సాయంత్రానికి వదిలేశారు, పడవని మాత్రం వదల్లేదు. మత్స్యశాఖవాళ్ళూ పోలీసులూ కమిటీగా కూర్చుని తేల్చేదాకా కదపకూడదని తాడేసి కట్టేశారు.

ఆ సాయంత్రం అత్తతో దెబ్బలాడాను. "ఇలగ సేసే ముందు నాతో ఒక్క మాట సెప్పకూడదేటత్తా? నేను సచ్చినానేటి?"

"నీకు సెప్తే నువ్వు ఆఫీసులో సెప్పాలి. అది నీ ఉజ్జోగం. సెప్పకపోతే అటు పాపం, సెప్తే ఇటు పాపం. నీకెందుకే గుంటా అదంతానూ?" అంది అత్త. 

జగన్నాధం గారు మంచిమనిషి. ఎవరి కడుపూ కొట్టకుండా రిటైరైపోవాలని ఆయన కోరిక. ఆయనే ఒక దారి చూపించారు, తన చేత్తో తనే రాసిచ్చారు కూడా. "నేను చదువుకోలేదు. పెట్టె ఎందుకో తెలియక, కడిగిన గిన్నె ఆరడానికి దాని మీద బోర్లించాను. ఇకపై ఇలా చేయను." దాని మీద వేలిముద్ర వేస్తే హెచ్చరించి పడవ వదిలేస్తారు. కావాలని చేశానంటే మాత్రం సీజనంతా పడవ ఒడ్డునే ఉండాలి. 

ఊరంతా ఆవిడ ఇంటికి కట్టకట్టుకు వచ్చింది. వేలిముద్ర వేసీమంటే వేసీమన్నారు. లక్ష్ముడు తను రాకుండా పెళ్ళాం కూర్మమ్మ చేత కబురంపాడు. "తెలీదని సెప్పీమను వొదిన్ని. తెలీదంటే ఏటి పోతాది?" నేను కూడా కాళ్ళావేళ్ళా పడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పుడు నాకు కనిపించింది ఇంట్లో పొయ్యి వెలగడమే.

అత్త అందరికీ టీ పోసి ఇళ్ళకి పంపేసింది. 

శ్రీకాకుళంలో మత్స్యశాఖ ఆఫీసులో కూర్చోబెట్టారు. బల్లకి అటు జగన్నాధం గారు, ఇన్‌స్పెక్టరు గారు, అరుణశ్రీ గారు. ఇటు అత్తా, మావా. వెనకాల నేను. జగన్నాధం గారు కాగితం చదివి, సిరా పెట్టె అత్త ముందుకి జరిపారు. "వెయ్యమ్మా, వేసేసి ఇంటికి పో. మధ్యాహ్నం బస్సు దొరుకుతుంది."

అత్త చెయ్యి చాపలేదు. "బాబూ, మీరు మంచికే రాసినారు. గాని ఇది నేను సెప్పిన మాట కాదు. గిన్నె ఆరబెట్టుకోడానికి నాకు ఇల్లు లేదేటి? తెలిసే సేసినాను."

నేను వెనక నుంచి ఆవిడ కొంగు పట్టుకుని లాగాను.

"సెయ్యి తియ్యవే రాణీ" అంది, వెనక్కి తిరక్కుండా.

ఇన్‌స్పెక్టరు గారికి కోపం వచ్చింది. "తెలిసే చేశావా? దేశ భద్రతంటే ఆటలుగా ఉందా? మా ఓడ రోజంతా మీ పడవ వెనకాల తిరిగింది. ఆ పూట నిజంగా ఇంకెవరైనా వచ్చుంటే?"

"బద్రత మాకొద్దని నేనన్నానా బాబూ?" అత్త గొంతు పెరిగింది. గది బయట గుమాస్తాలు తొంగిచూశారు. "సరిహద్దు తెలీక పరాయి దేశం జైల్లో కూకున్నోళ్ళు మా మనుషులే. ఆళ్ళ పెళ్ళాలు ఏడ్సిన ఏడుపు మేం ఇన్నాం, మీరు ఇన్లేదు. అందుకే ఊరందరికన్నా ముందు పెట్టె బిగించుకున్నాను. మీరు సూడండి నా పడవని. మీ ఓడ సూడనీ, డిల్లీ సూడనీ, నాకేటి? పెబుత్వానికే కనిపిస్తాదని ఈ అమ్మ నా మొహమ్మీద సెప్పినాది. మరి సినబాబు సెల్లులో ఎందుకు కనిపించినాది? ఆడు దేశానికి కాపలా కాస్తన్నాడేటి?"

అరుణశ్రీ గారు తల ఎత్తింది. "చినబాబు ఎవరు?"

అప్పుడు అత్త అంతా చెప్పింది, చినబాబు ఫోనూ, పెద్ద బోట్లూ, చిరిగిన వలా. ఒక్క చోటు ఎక్కడన్నదే చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు గారు అది కూడా అడిగి చూశారు. "అది నీలమ్మపేట గంగమ్మతల్లికి తెలుసు, ఎల్లి ఆయమ్మనడగండి" అంది.

జగన్నాధం గారు నుదురు రుద్దుకున్నారు. "అమ్మా, నా మాట విను. తెలియక చేశావంటే ఈ గదిలోనే అయిపోతుంది. తెలిసి చేశానంటే ఎందుకు చేశావో కారణం రాయాలి. అది పైదాకా పోతుంది, నా చేతిలో ఉండదు."

"పోనీండి బాబూ. కారణం రాయించడానికే గదా నేనొచ్చినాను."

 అరుణశ్రీ గారి మొహం ఎర్రబడింది. కోపంలో ఆవిడ ఆఫీసు భాష జారిపోయి మా యాస వచ్చేసింది. "అమ్మా, నేను మీకు మాటిచ్చినాను. అది తప్పయిపోనాది. కంపెనీవాళ్ళు కాగితాలకి తప్ప దాన్ని వాడకూడదు. నేను పైకి రాస్తాను, రాసి వదలను. కానీ అబద్ధం సెప్పను, ఆపుతారో లేదో నాకు తెల్దు. మీ పడవ మాత్రం సీజనంతా ఒడ్డునే ఉండిపోతాది. అది నేనాపలేను. బాగా ఆలోచించుకోండి."

మా అత్త మొదటిసారి మావ వైపు తిరిగింది. ఒడ్డు మీద ఏ బేరానికీ ఆయన్ని అడగని మనిషి. కానీ సముద్రం ఆయనది, పోయేది ఆయన సీజను. "ఏటంటావు?" అంది. ఆ గొంతులో ఉన్న భయం నేనెప్పుడూ వినలేదు.

గంగులు మావ తన చేతుల వంక చూసుకున్నాడు. "ఉన్నదున్నట్టు సెప్పీ" అన్నాడు.

జగన్నాధం గారు కాగితం మీద 'తెలియక' అన్న మాట కొట్టేసి 'తెలిసే' అని రాశారు. కింద కారణం రాశారు. అత్త వేలు సిరాలో ముంచి గట్టిగా అద్దింది. మెట్లు దిగుతుంటే నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. 

"సీజనంతా ఏటి తింటారత్తా?"

"సముద్రం ఒడ్డున పుట్టి ఏటి తింటామని అడుగుతావేటే! సదువుకున్నావు గాని బుర్ర లేదు నీకు" అంది. బస్సెక్కాక మాత్రం ఊరొచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.

పడవని ఇసుక మీదికి పైకంటా లాగి పెట్టారు. వినోద్ విశాఖపట్నం పనికెళ్ళాడు. అత్త వేరేవాళ్ళ చేపలు గంపకెత్తుకుని ఆటోలో నరసన్నపేట సంతకెళ్ళి అమ్మింది. పేపరువాడు అమాయకత్వం అని రాసింది అప్పుడే. ఆవిడకి చదివి వినిపిస్తే, "ఆణ్ణి ఒకపాలి రేవుకి రమ్మను" అంది. మావ రోజంతా పడవ నీడలో కూర్చుని చిరిగిన వల బాగుచేసుకునేవాడు. మనుషులొచ్చి పలకరిస్తే తలూపేవాడు. ఎదురుగా సముద్రం పెట్టుకుని వెళ్ళలేని మనిషిని చూస్తే నాకు ఇంట్లో ముద్ద దిగేది కాదు.

ఒకరోజు అరుణశ్రీ గారు ఫోను చేసింది. గొంతులోనే తెలిసిపోయింది. పడవలు ఎక్కడ తిరుగుతున్నాయో ఇక ఏ కంపెనీకీ కనిపించదు, ఆపేశారంది. చేప ఒడ్డుకి చేరాక, ఫలానా తీరం అని మాత్రం కాగితం మీద ఉంటుంది, అంతకు మించి ఉండదంది. ఒక్క మా ఊరికే కాదు, ఈ పక్క పడవలన్నిటికీ. తెలియక చేసిందని రాసుంటే ఆ కారణం ఎవరి బల్ల మీదికీ వెళ్ళేది కాదని కూడా చెప్పింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా రేవుకి పరిగెత్తి, రొప్పుతూ అందరికీ వినబడేలా అరిచాను. మగాళ్ళు ఈలలేశారు. కూర్మమ్మ వచ్చి, ఇన్నేళ్ళ తరువాత అత్తని కౌగిలించుకుంది. రేవులో ఉన్న ప్రతి పడవ చోటూ మిగిలింది. ఒడ్డున పడి ఉన్న పడవ మాత్రం అదొక్కటే.

మర్నాడు తెల్లారి పడవలు నీటిలోకి తోస్తున్నప్పుడు లక్ష్ముడు వచ్చి గంగులు మావ ముందు నిలబడ్డాడు. తలెత్తకుండా, "అన్నా, మా పడవలో ఒక మనిషి తక్కువయినాడు" అన్నాడు. 

చుట్టూ ఉన్నవాళ్ళు తోయడం ఆపేశారు. అవతలి ఇంటివాణ్ణి పడవలో ఎక్కించుకోవడమంటే తన చోటు చూపించడమే. మా ఊళ్ళో అంతకుముందు ఎవరూ చేయని పని అది.

"ఎవులు తక్కువ? నిన్న నిండుగా ఎల్లినారు గదా?" అంది అత్త.

"తక్కువంటే తక్కువే వొదినా. నీతో నాకు వాదన దేనికి?"

"మీ అన్న మీ సోటు సూసీగలడు."

"సూస్తే సూడనీ! ఆ సోటు ఉన్నాదంటే నీ వల్లే గదా!" లక్ష్ముడు పడవ అంచు పట్టుకుని ఆపాడు. "ఎక్కన్నా. సీజనైపోనాక మళ్ళీ తిట్టుకుందాం."

మావ అత్త వంక చూశాడు. అత్త తల పక్కకి తిప్పుకుంది, కాదనలేదు. మావ ఎక్కాడు.

సాయంత్రం పడవ తిరిగొచ్చాక లక్ష్ముడు నేరుగా నా దగ్గరికొచ్చాడు. కళ్ళనిండా నీళ్ళు. "మీ మావ ఏటి మనిషే రాణీ? సోటు దగ్గరకొస్తన్నాం అనగా లేచి, ఒడ్డుకి ఈపు పెట్టి, నడిసముద్రం కేసి తిరిగి కూకున్నాడు. వల ఏసీదాకా కొండల కేసి ఒక్కపాలి సూడ్నేదు. తిరుగన్నా, సూసుకో, నేనే సూపిస్తన్నాను గదా అన్నాను. ఎంతన్నా తిరగ్నేదు."

ఆ మాట మోసుకెళ్ళి అత్తకి చెప్పాను. ఆవిడ మావకి వచ్చిన వాటా చేపలు కడుగుతోంది. చెయ్యి ఆగింది. కళ్ళు తుడుచుకుంది, తుడుచుకున్నట్టు నేను చూశానని తెలిసి ఇంకా గట్టిగా అరిచింది, లక్ష్ముడింటికి వినబడేలా.

"తిరుగుతాడేటి మరి? మా సోటు మాకున్నాది! ఆడి సోటు మాకేటికి?"

గంగులు మావ సీజనంతా ఆ పడవే ఎక్కాడు. రోజూ ఆ రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి లేచి, ఒడ్డుకి వీపు పెట్టి కూర్చునేవాడు.